విశాఖ నుండి భీమిలికి కాలినడకన

విశాఖపట్నం నుండి భీమునిపట్నానికి బస్సెక్కినచో గంట, మహా అయితే గంటంబావు ప్రయాణం. మేము రెండు దినములు తీసికొన్నాము. నడచి వెళ్ళినాము. దూరం ఇంచుమించు 28 కిలోమీటర్లు; పాత లెక్కను చెప్పినచో పదిహేడున్నర మైళ్ళు. కుడిచేతి వైపున సముద్రం, ఎడమచేతి వైపున తూర్పు కనుమల చివరి గుట్టలు, నడుమ ఇసుక. త్రోవ తప్పుటకు వీలులేని యాత్ర యిది.

ఇట్టి పనికి పూనుకొన్నందుకు పెద్ద కారణమేమియు లేదు. రేడియోలో పనిచేయువారికి అన్నిటికంటె ముందు చెవులు అలసిపోవును. గోడలకు మెత్తలు తాపిన గదిలో, ఎర్రదీపం వెలిగినది మొదలు ఆరిపోవు వరకు గడియారపు ముల్లును చూచుచు బ్రదుకుట ఇరవై ఏండ్లుగా మాకు అలవాటైపోయినది. నాలుగు దినములు సెలవు దొరకగానే గడియారం లేని చోటికి పోవలెనని తోచినది. మార్గశిర మాసం. వానలు వెనుకబట్టినవి, ఉక్క లేదు, చలియు చెప్పుకోదగినంత లేదు. ఒక మిత్రునితో కలిసి, సంచిలో రెండేసి జతల బట్టలు, మంచినీళ్ళ సీసాలు, అటుకులు, బెల్లం పెట్టుకొని బయలుదేరినాము. నిశ్శబ్దము కొరకు పోయిన మాకు, ఆ నిశ్శబ్దమునకు కూడ ఒక చరిత్ర ఉన్నదని దారిలో తెలిసివచ్చినది. దానిని శ్రోతలతో పంచుకొనుటయే ఈ ప్రసంగపు ఉద్దేశ్యం.

సముద్రపు ఒడ్డుకు విశ్రాంతికై పోవుట మన పెద్దల వాడుక కాదు. పర్వదినములలో తప్ప సముద్రమును తాకరాదని ఆచారం. పూర్ణిమకో అమావాస్యకో గ్రహణమునకో పోయి, సంకల్పం చెప్పుకొని మునిగి, తడిబట్టలతో ఇంటిదారి పట్టవలసినదే. శివరాత్రి జాగరణ ముగిసిన మరునాడు విశాఖ తీరాన జరుగు స్నానములను చూచినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. ఇసుక వేస్తే రాలనంత జనమను మాట ఇసుకమీదనే నిజమగు దినమది. అంతేకాని ఒడ్డున చతికిలబడి అలలను లెక్కించుచు ప్రొద్దుపుచ్చుట పనిలేనివాని లక్షణమని మన ముసలివారి తీర్పు.

సముద్రపు గాలి ఆరోగ్యమునకు మంచిదని, ఉప్పునీటి స్నానం ఔషధమని యూరపులో ప్రచారం చేసినవారు వైద్యులు. 1750లో రిచర్డ్ రస్సెల్ అను ఆంగ్ల వైద్యుడు, శరీరములోని గ్రంథులకు వచ్చు జబ్బులకు సముద్రజలం ఎట్లు పనికివచ్చునో వివరించుచు లాటిన్ భాషలో ఒక పుస్తకం వ్రాసినాడు. స్నానం చేయించుటతో తృప్తిపడక ఆ నీటిని రోగులచే త్రాగించినాడు కూడ. ఆయన స్థిరపడిన బ్రైటన్ అను బెస్తల ఊరు కొలది కాలములోనే రాజకుటుంబములు విడిదిచేయు పట్టణమైనది. 1841లో లండను నుండి అక్కడికి రైలు పడినది. 1871లో పార్లమెంటు బ్యాంకులకు సెలవు దినములను చట్టముగా చేసినది. అటుపిమ్మట గుమాస్తాలు, కార్మికులు పిల్లాపాపలతో తీరములకు తరలినారు. జబ్బుతో పని లేకుండ పోయినది. అలవాటు మాత్రం మిగిలినది. ఆ అలవాటునే దొరలు మన తీరములకు వెంటబెట్టుకొని వచ్చినారు. విశాఖ పాతపట్నం ఇరుకనిపించగా ఉత్తరాన వాల్తేరు మిట్టలపై గాలి వచ్చు బంగళాలు కట్టుకొన్నారు. వారిని చూచి జమీందారులు సముద్రాభిముఖముగా మేడలు లేపినారు. మనము ఈనాడు తీరమునకు పోయి “హాయిగా ఉన్నది” అనుట వెనుక ఇంత కథ నడచినది.

అయితే విశాఖపట్నం పేరు చుట్టు అల్లుకొన్న ఐతిహ్యం దొరల రాకకు పూర్వపుది. కాశీయాత్రకు పోవుచున్న ఆంధ్రరాజొకడు ఈ తీరమున మజిలీ చేసినాడట. చోటు మనసునకు పట్టి, తన కులదైవమగు విశాఖేశ్వరునకు లాసన్స్ బే దాపున గుడి కట్టించినాడట. ఆ గుడిని తరువాత సముద్రం మ్రింగినది. శాసనాధారం లేని కథను చరిత్ర అనలేము. కాని తన ఊరు ఎట్లు పుట్టినదని అడిగినప్పుడు, యుద్ధమునో సంతనో చెప్పక, బాటసారి ఒకడు ఒడ్డున ఆగి అలసట తీర్చుకొన్నాడని చెప్పుకొన్న జనుల మనస్సు మాకు నచ్చినది.

రామకృష్ణా బీచి నుండి ఉదయం ఆరు గంటలకు అడుగు వేసినాము. ఆ వేళకే అక్కడ వందలకొలది నగరవాసులు వడివడిగా నడచుచుందురు. అది వైద్యుడు చెప్పిన నడక. చేతి గడియారం ఎన్ని అడుగులైనవో లెక్క చెప్పుచుండును. ఒడ్డున కురుసుర అను జలాంతర్గామి ఇసుకపై నిలిచి ఉన్నది. 1969లో నౌకాదళమున చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడు ప్రదర్శనశాలగా మారినది. నీటిలో మునుగుటకు పుట్టిన ఓడ గట్టెక్కి టిక్కెట్లపై చూపబడుట మాకు పింఛనుదారుని జ్ఞాపకమునకు తెచ్చినది. ఇదే తీరమున 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు బాంబులు వేసినవి. మూటాముల్లె సర్దుకొని జనం పల్లెలకు తరలిపోయినారు. ఆనాడు నగరం విడిచి పోవుటను ఎవరును సెలవు అనలేదు.

పెదజాలరిపేట వద్దకు చేరుసరికి ఎండ తీక్ష్ణమైనది. ఇక్కడ ఒడ్డు వేరు. ఇక్కడ ఇసుకపై తీరికగా నడచువారు లేరు. పడవను పైకి త్రోయువారు, వల విదిలించువారు, బుట్టలు సర్దువారు, వేలం పాడువారు. పూర్వం దుంగలను త్రాళ్ళతో కట్టి చేసిన తెప్పలపై వేటకు పోయెడివారు. నేడు ఫైబరు పడవలకు మోటారులు బిగించుకొన్నారు. అయినను ఒడ్డు నుండి లాగు పెద్ద వల ఇంకను ఉన్నది. అర్ధచంద్రాకారముగా సముద్రములో వదలిన ఆ వల రెండు కొసలను పట్టుకొని, ఆడవారు మగవారు ఒక ఒరవడిలో వెనుకకు అడుగులు వేయుచు లాగుచున్నారు. మేము దాటిపోవుటకు త్రాడు దగ్గర ఆగినాము. వలలు బాగుచేయుచున్న ఒక వృద్ధురాలు మా సంచులవైపు చూచి, “ఏటి బాబూ, బస్సు తప్పిపోనాదా?” అని జాలిగా అడిగినది. “లేదమ్మా, నడచి భీమిలి పోవుచున్నాము” అంటిమి. ఆమె నమ్మలేదు. రెండు దినములలో ఈ ప్రశ్న మాకు ఐదుసార్లు ఎదురైనది. నడచుట ఒక పని కాదు, బస్సు లేనప్పటి అవస్థ అని ఆ తీరపు నిశ్చయం. మా విశ్రాంతి వారికి అర్థముకాకపోవుటలో ఆశ్చర్యం లేదు; వారి తీరము వారి పొలం. పొలముగట్టున ఎవడైనను సంచి తగిలించుకొని ఊరకే తిరుగుచుండగా చూచినచో కృష్ణాతీరపు రైతును ఇదే ప్రశ్న వేయును.

జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్, ఋషికొండ. ఈ భాగమును గూర్చి చెప్పవలసినది తక్కువ. ఋషికొండ బీచి 2020లో శుభ్రతకై అంతర్జాతీయముగా ఇచ్చు నీలి పతాకమును సంపాదించినది. ఆ ప్రక్కనే ఋషికొండ ఒక వైపు చెక్కబడి భవనములు లేచినవి. చాలచోట్ల ప్రహరీగోడ ఇసుకలోనికి దిగివచ్చినది. పోటు సమయమున అల గోడను తాకుచుండగా మేము వెనుదిరిగి రోడ్డెక్కవలసివచ్చినది. సముద్రమును చూపి డబ్బు తీసికొనువారు ముందుగా సముద్రమును దాచుట ఎంత తర్కబద్ధమో!

మధ్యాహ్నం మూడు దాటిన తరువాత తొట్లకొండ ఎక్కినాము. ఈ యాత్రలో మేము ఎక్కువ సేపు కూర్చున్న స్థలమిది. వాననీరు పట్టి నిలుపుటకు కొండరాతిలో తొలచిన తొట్లు ఉన్నవి గనుక జనులు తొట్లకొండ అన్నారు. బావులున్న పొరుగు కొండను బావికొండ అన్నారు. తొట్లు ఎవరు తొలిచినారో, ఎందుకు తొలిచినారో పేరు పెట్టినవారికి తెలియదు. 1976లో నౌకాదళమువారు తమ స్థావరము కొరకు ఆకాశము నుండి సర్వే చేయుచుండగా కొండపై కట్టడముల జాడలు బయటపడినవి. 1988 మొదలు నాలుగైదు ఏండ్లు పురావస్తుశాఖవారు త్రవ్వినారు. స్తూపములు, చైత్యగృహములు, స్తంభములతో కూడిన సభామండపం, భిక్షువుల గదుల వరుసలు, వంటశాల, భోజనశాల, ధాన్యపు కొట్లు, మురుగు పోవుటకు కాలువలు, రాళ్ళు పరచిన నడవలు వెలువడినవి. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దం నుండి తరువాత మూడవ శతాబ్దం వరకు, అనగా అయిదారువందల ఏండ్లు, ఈ కొండపై మనుష్యులు నివసించినారు. బావికొండలో స్తూపమునుండి భస్మముతోపాటు చిన్న ఎముక తునక గల పాత్ర దొరికినది. దానిని బుద్ధుని ధాతువని భావించువారు ఉన్నారు.

నగరము విడిచి వచ్చినవారి ఊరు ఇది అనుకొన్నాము. కాని బౌద్ధుల నియమమును తరచి చూచినచో అంత సులభముగా తేలదు. బింబిసారుడు బుద్ధునకు వేణువనమును సమర్పించినప్పుడు, ఊరికి మరీ దూరముగాను మరీ దగ్గరగాను ఉండని చోటును ఎంచినాడని పాళీ గ్రంథములు చెప్పును. భిక్షకు పోయి రాదగినంత దగ్గర. రాత్రి సందడి వినబడనంత దూరం. తొట్లకొండ ఈ కొలతకు సరిగా సరిపోయినది. క్రింద రేవులు, బెస్తపల్లెలు, బాటలు, పైన గాలి. వానాకాలమున భిక్షువు సంచారం మాని ఒక చోట ఉండవలెను. మొలకెత్తు గడ్డిని, దానినాశ్రయించిన పురుగులను త్రొక్కరాదని ఆ కట్టడి. ఆషాఢ పూర్ణిమ మొదలు మూడు నెలలు. దానికి వర్షావాసమని పేరు.

ఇక్కడ త్రవ్వకములలో సాతవాహనుల సీసపు నాణెములు, రోమనుల వెండి నాణెములు దొరికినవి. సర్వమును త్యజించినవారి కొండపై రోము చక్రవర్తుల వెండి ఏల వచ్చినది? వర్తకుల దానమని పండితులు చెప్పుదురు. మా ఊహ ఇంకొక అడుగు ముందుకు పోయినది. నైరుతి గాలి వీచు మాసములలో ఈ సముద్రముపై ఓడ నడపుట ప్రాణాంతకం. ఓడవాడును ఆగవలసినదే, సన్న్యాసియు ఆగవలసినదే. ఒకనిది గాలికి జంకిన విశ్రాంతి, మరియొకనిది మొలకకు జాలిపడిన విశ్రాంతి. ఋతువు మాత్రం ఒక్కటే. దిగువన ఓడను గట్టున కట్టి, మూడు నెలలు పనిలేక, సాయంకాలమున ఈ మెట్టెక్కి వచ్చి, భోజనశాల ప్రక్కన కూర్చున్న ఒక కళింగ వర్తకుని మేము తలచుకొన్నాము. ఇది ఊహ మాత్రమే, రాతిపై వ్రాసిలేదు.

ఆ పిమ్మట సాతవాహనులు పోయినారు. రోము వర్తకం సన్నగిల్లినది. దాతలు తగ్గినారు. భోజనశాలలో పొయ్యి ఆరిపోయిన దినమేదో చెప్పగలవారు లేరు. సుమారు పదహారువందల ఏండ్లు ఈ కొండపై గాలి తప్ప వేరు చప్పుడు లేదు. మేము వెదకివచ్చిన నిశ్శబ్దం ఇదే గదా అని మిత్రుడన్నాడు. ఔను, ఇదే. ఐతే ఇది పుట్టుకతో వచ్చిన నిశ్శబ్దం కాదు; ఒక ఊరు మూతపడగా మిగిలినది.

చీకటి పడునప్పటికి మంగమారిపేట చేరి, ఊరి దాపున ఒక చిన్న బసలో గది తీసికొన్నాము. అక్కడి ఒడ్డున అలలు తొలచిన రాతితోరణం ఒకటి ఉన్నది. పాటు సమయమున దాని క్రిందుగా నడచి పోవచ్చును. రాత్రి భోజనానంతరం ఇసుకపై కూర్చున్నాము. రేడియో నాటకములలో సముద్రం కావలసివచ్చినప్పుడు చేటలో ఎండు బఠాణీలు పోసి మెల్లగా అటునిటు వంచుట పాత పద్ధతి. మేము ఎన్ని తుపానులను ఎన్ని చేటలలో పుట్టించినామో లెక్కలేదు. నిజమైన సముద్రమును ఒక గంట సేపు విన్న తరువాత మా లోపమేమో తెలిసినది. మేము అలల చప్పుడును పట్టుకొన్నాము గాని, అల విరిగిన తరువాత నీరు వెనుకకు జారుచు ఇసుకలో ఇంకిపోవు ఆ కొంచెపు విరామమును పట్టుకొనలేదు. వినువానికి సముద్రమని తోపించునది ఆ విరామమే.

ఒక పెద్దాయన వచ్చి మా ప్రక్కన కూర్చున్నాడు. మేము రేడియోవారమని తెలిసి కొంతసేపు మా ముఖములు పరిశీలించి, “వేటకెల్లొద్దని సెప్పేది మీరేనా బాబూ?” అని అడిగినాడు. ఔనంటిమి. తుపాను సమయములలో, “మత్స్యకారులు సముద్రము మీదికి వేటకు వెళ్ళరాదు” అను వాక్యమును ఎన్నిసార్లు చదివినామో మాకే తెలియదు. చదువునప్పుడు ఆ మత్స్యకారులకు ముఖములు లేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకొనిపడినది. ఆ సంగతి ఎత్తినాడు. “ఎల్లొద్దన్నారు, ఎల్లనేదు. పేణాలు దక్కినాయి. పడవ ఒడ్డునే ఇరిగిపోనాది” అన్నాడు. ఇందులో నిష్ఠూరం లేదు, కృతజ్ఞతయు లేదు. జరిగినది చెప్పినాడు. మాకు బదులు తోచలేదు.

ఆయనవలన మరియొక సంగతి విన్నాము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పు తీరమందంతట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మోటారు పడవల వేటను ప్రభుత్వం నిషేధించినది. ఆ రెండు నెలలు పడవలు ఇసుకపై బోర్లపడి ఉండును. సరిగా అప్పుడే వేసవి సెలవులు గనుక నగరమునుండి జనం వచ్చి, తీరం ఎంత ప్రశాంతముగా ఉన్నదో అని మెచ్చుకొని పోవుదురట. “మా పొయ్యిలో పిల్లి నెగనప్పుడే ఒస్తారు బాబూ” అని నవ్వినాడు. ప్రభుత్వ సహాయం వచ్చునని, అది చాలదని కూడ అన్నాడు. ఆ నవ్వు మాకు రాత్రియంతయు గుచ్చుకొన్నది. పగలు కొండపై చూచిన నిశ్శబ్దమునకు సుమారు పదహారువందల ఏండ్లు. దీనికి 61 దినములు. రెండును ఒక పని ఆగిపోగా వచ్చినవే.

మరునాడు వేకువను మరల నడక. కొంత దూరమున నౌకాదళమువారి ఆవరణ అడ్డువచ్చినందున తీరము విడిచి రోడ్డుపై పోయినాము. దానిని దాటిన పిమ్మట ఎర్రమట్టి దిబ్బలు. ఇంతకుముందు బస్సు కిటికీనుండి పలుమారులు చూచినాము. లోపలికి నడచిపోయినప్పుడు గాని వాటి స్వరూపం తెలియదు. వానవాగులు కోసిన సందులలో దూరినచో రెండు వైపుల తాటిచెట్టంత ఎత్తున నిట్టనిలువు ఎర్రని గోడలు లేచును. పైన జీడిమామిడి తోపులు; క్రింద మెత్తని ఎర్ర ఇసుక. పది అడుగుల దూరమున ఉన్న మిత్రుని మాట వినబడదు. మా వృత్తిలో ఇట్టి గదికై ఎంత ధనం వెచ్చించుచున్నారో!

ఈ దిబ్బలు ఎట్లు వచ్చినవి? హిమయుగములలో నీరు మంచుగా గడ్డకట్టి సముద్రమట్టం నేటికంటె వంద మీటర్లకు పైగా దిగిపోయినది. అప్పుడు బయటపడిన సముద్రగర్భపు ఇసుకను గాలి ఎత్తి తెచ్చి కొండల పాదముల వద్ద కుప్పవేసినది. వాగులును తమ వంతు తెచ్చినవి. వేల సంవత్సరములలో ఇసుకరేణువుల పై ఇనుపతుప్పు పొర పట్టి ఎర్రబడినవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. తమిళనాడు దక్షిణ తీరమున తేరి అని పిలువబడు ఎర్ర ఇసుక తిన్నెలు వీటికి చుట్టములు. అనగా మేము నిలుచున్నది ఒకప్పటి సముద్రపు అడుగు మీద. భారత భూగర్భ సర్వే సంస్థ 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించినది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనికిని ఎక్కినవి.

జాబితాలోనికి ఎక్కుటకును నిలిచియుండుటకును చాల దూరమున్నది. దిబ్బల అంచులను చదును చేసిన చోట్లు, మట్టి ఎత్తుకొనిపోయిన గుంటలు మాకు కనబడినవి. ఒక గోడపై ప్రేమికుల జంట పేర్లు చెక్కుకొన్నారు. ఆ పేర్లను వచ్చే వానాకాలం తుడిచివేయును, దానిని మన్నింపవచ్చును. కాని యంత్రము త్రవ్విన గుంటను పూడ్చుటకు మరియొక హిమయుగం రావలెను. ఈ మట్టి రాతి వలె గట్టిది కాదు. చేతితో రాల్చినచో రాలును. ఇంతకాలం నిలిచినదన్నచో, దానిని ముట్టుకొనవలసిన పని ఎవరికిని లేకపోవుటచేతనే.

మధ్యాహ్నపు వేళకు భీమిలి కనబడినది. కొండపై నరసింహస్వామి ఆలయం, ఆ కొండనే పావురాళ్ళకొండ యనియు అందురు, దానిపైనను బౌద్ధుల తొట్లు. దిగువను దీపస్తంభం, పాత బంగళాలు, గడియార స్తంభం. పట్నమని పేరేగాని పల్లె నడక.

భీమిలి ఎల్లప్పుడు ఇట్లు లేదు. మన పెద్దలు వలందావారని పిలిచిన డచ్చివారు 17వ శతాబ్దమున ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పినారు. బందరులోని వలందపాలెం వలెనే ఇదియు వారి అడుగుజాడ. వారికి కావలసినది సుగంధద్రవ్యములు. అవి పండు తూర్పు దీవులలో జనులకు కావలసినది మన నేతబట్ట. మన సాలెవాని బట్టను అక్కడ ఇచ్చి జాజికాయ, లవంగము పుచ్చుకొనుట వారి వ్యాపారపు కిటుకు. 1824లో లండనులో ఆంగ్లేయులకును డచ్చివారికిని కుదిరిన ఒడంబడిక ప్రకారం, మరుసటి ఏడు ఈ స్థానం ఆంగ్లేయుల వశమైనది. డచ్చివారి శ్మశానం మాత్రం మిగిలినది. సముద్రమునకు దగ్గరలోనే, సూదిమొన వంటి శిఖరములు గల సమాధులు. పలకలపై అక్షరములు ఉప్పుగాలికి అరిగినవి. మేము వ్రేలితో తడిమి కొన్ని సంవత్సరములను చదువ ప్రయత్నించినాము. సముద్రపు గాలి ఔషధమని బ్రైటన్‌లో వైద్యుడు వ్రాయుచున్న కాలముననే ఇక్కడ అదే గాలి పీల్చినవారు జ్వరములతో రాలిపోయినారు. సెలవు ముగిసిన పిదప ఇంటికి పోగలుగుట ఎంతటి భాగ్యమో ఆ రాళ్ళ మధ్యన తట్టినది.

ఆంగ్లేయుల కాలమున భీమిలి మరింత పెరిగినది. లోతట్టు మండలములనుండి నూనెగింజలు, తోళ్ళు, నార ఇక్కడికి బండ్లపై దిగెడివి. మన ఇండ్లలో పప్పులోను పచ్చడిలోను వాడు గోంగూర జాతి మొక్కయగు గోగు కాడనుండి తీసిన నారకు ప్రపంచపు బజారులో “బిమ్లీ జనుము” అని పేరు. బిమ్లీ యనగా ఈ భీమిలియే. ఈ రేవు పేరు ఎరుగని దేశములలో సయితం ఆ నార పేరు తెలియును. ఆవిరి ఓడలు దూరమున లంగరు వేయగా, మేకులు లేక నారతో కుట్టిన పడవలు అలలను దాటి సరకు చేరవేసెడివి. 1861లోనే ఇక్కడ పురపాలక వ్యవస్థ ఏర్పడినది. అది దేశములో మిగుల ప్రాచీనమైన వానిలో ఒకటి. తరువాత 1890ల దశాబ్దమున తూర్పుతీరపు రైలుమార్గం భీమిలిని తాకకుండ విజయనగరం మీదుగా పోయినది. 1933లో విశాఖ రేవు తెరువబడినది. ఓడలు అటు మళ్ళినవి. గిడ్డంగులు ఖాళీ అయినవి. గోస్తనీ ఒడ్డున చిట్టివలస జనపనార మిల్లు మిగిలియుండి, అదియు 2009లో మూతపడినది. 2013లో పురపాలక సంఘం విశాఖ మహానగరములో కలిసిపోయినది.

కాగా ఈ ఊరి చెట్లనీడలు, ఖాళీ వీధులు, మధ్యాహ్నపు నిద్ర, ఇవన్నియు మేము ప్రకృతి ఇచ్చినవనుకొని మెచ్చుకొన్నవే, ఒక రేవు చచ్చిపోగా మాకు దక్కినవి. దానిని మెచ్చుకొనుట తప్పని అనజాలము. కాళ్ళు నొప్పిపుట్టి, వేపచెట్టు క్రింద అరుగుపై పండుకొన్నప్పుడు మాకు కలిగిన సుఖం నిజమైనది. కాని ఆ అరుగు ఒకప్పుడు సరకుల కొట్టు ముందరిదని ఇంటివారు చెప్పిన పిమ్మట అంత త్వరగా నిద్ర రాలేదు.

సాయంకాలం గోస్తనీ సంగమమునకు పోయినాము. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగివచ్చిన నది ఇక్కడ సముద్రమున కలియుచున్నది. మొగలో నీరు నిలకడగా ఉన్నది. ఒక పిల్లవాడు నడుములోతు నీటిలో నిలిచి విసురువల వేయుచున్నాడు. పదిసార్లు వేసినచో ఒకసారి నాలుగు చేపలు. మమ్ములను చూచి, “బస్సు తప్పిపోనారా?” అన్నాడు. ఈసారి ఔనంటిమి. అటైతే తొందర లేదు, ఇంకొకటి ఉన్నదని ధైర్యం చెప్పినాడు.

అతడు చెప్పిన బస్సులోనే తిరిగి వచ్చినాము. సముద్రం వైపున, ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నాము. చీకటిలో దిబ్బలు కనబడలేదు. తొట్లకొండ ఆకాశమునకు అడ్డముగా ఒక నల్లని గీత. మంగమారిపేట దాటునప్పుడు దూరమున నీటిపై అయిదారు దీపములు వరుసగా కదలుచుండెను. వేటకు పోయినారు. ఆ రాత్రి వాతావరణ సూచనలో వారిని వారించు మాట ఏదియు లేదు.